చెరువుగట్టు మీద నిలిచి చూచిన భూమి

పంచాయతీ సమావేశములలో చెరువు ప్రసక్తి వచ్చినప్పుడెల్ల సాధారణముగా మూడు విషయములే చర్చకు వచ్చును. మొదటిది కట్ట మరమ్మతు. రెండవది చేపల వేలము. మూడవది శిఖము భూమి ఆక్రమణ. మూడును ముఖ్యమైనవే, కాదనము. అయితే వీనిని మూడు వేర్వేరు దస్త్రములుగా, మూడు వేర్వేరు శాఖల వ్యవహారములుగా చూచు అలవాటు మనలో బలపడినది. కట్ట ఇంజనీరు గారిది, చేపలు మత్స్యశాఖ వారివి, హద్దురాళ్లు రెవిన్యూ వారివి. చెరువుకు మాత్రము ఈ విభజన తెలియదు. కొండవాలున చెట్లు నరికినచో దాని ఫలితము చెరువు అడుగున తేలును; చెరువు అడుగున జరిగినది ఊరి నడుమనున్న బోరుబావిలో తేలును; బోరుబావిలో తేలినది కొన్నియేండ్లకు బడిపిల్లల పండ్లమీద కనబడును.

ఈ సంబంధములను విప్పిచెప్పు శాస్త్రము నేడు బాగుగా పెరిగియున్నది. దాని మొదటి పాఠములను పిల్లలు పాఠశాలలలో చదువుచునే యున్నారు. గ్రామము యొక్క నేలను, నీటిని కాపాడు బాధ్యత వహించిన పెద్దలకు అవి ఇంకను ఎక్కువ అవసరము. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. భూసార పరిరక్షణ, చిన్న నీటిపారుదల, మత్స్య పరిశ్రమ, సామాజిక అడవులు, త్రాగునీరు, వంటచెరకు, పశుగ్రాసము అన్నియు అందులోనివే. పైకి అది పరిపాలనకు సంబంధించిన పట్టిక వలె కన్పించును. కాని భూమి ఎట్లు అమరియున్నదో తెలిసినవారికి ఆ అంశములు ఒకే వస్తువును వేర్వేరు వైపులనుండి చూచి వ్రాసినట్లు తోచును. అందుచేత మేము ఈ వ్యాసమున ప్రపంచ పటమును ప్రక్కనబెట్టి, చెరువుగట్టు మీద నిలిచి ఈ విషయమును పరిశీలింపదలచితిమి.

నాలుగు ఆవరణములు

శాస్త్రజ్ఞులు భూమిని నాలుగు ఆవరణములుగా విభజించి చెప్పుదురు. రాయి, మట్టి కలిసినది శిలావరణము. సముద్రము, నది, చెరువు, మంచు, భూగర్భ జలము కలిసినది జలావరణము. పైనున్న గాలి వాతావరణము. ఈ మూడింటిలోను వ్యాపించి బ్రతుకుచున్న సమస్త ప్రాణులతో కూడినది జీవావరణము. గట్టుమీద నిలిచిన మనిషికి ఈ నాలుగును ఒక్క చూపులో కనబడును. కాలి క్రింద రాతికట్ట, ఎదుట నీరు, ముఖమునకు తగులు గాలి, తుంగలో నిలిచిన కొంగ.

రాతితో మొదలిడుదము. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు తేల్చిరి. తెలంగాణమునందును రాయలసీమయందును మనము నిత్యము చూచు నల్లగుట్టలు, బండలు చాలవరకు 250 కోట్ల సంవత్సరముల నాటివి. అనగా చేపకంటె, చెట్టుకంటె, గడ్డిపోచకంటె కూడ ఎంతయో ముందు పుట్టినవి. ఆ గ్రానైటు రాయి ఎండకు వానకు పగిలి, నలిగి మన ఎర్రచెల్క నేలలుగా మారినది. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతములలోని నల్లరేగడికి చరిత్ర వేరు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కనులో భూమి చీలి, లావా పొరలు పొరలుగా ప్రవహించి గడ్డకట్టి నల్లరాయి అయినది. ఆ రాయి చివికి రేగడి ఏర్పడినది. ఎర్రనేల నీటిని త్వరగా దిగనిచ్చుటకు, రేగడి నీటిని పట్టి ఉబ్బి, ఎండినప్పుడు నెరియలు విచ్చుటకు కారణము ఈ పుట్టుకలోని భేదమే.

రాయి నలిగినంత మాత్రమున మట్టి కాదు. పొడి మాత్రమే యగును. అందులో ఆకు కుళ్లవలెను, వానపాము దొలువవలెను, కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్ల కొలది పనిచేయవలెను, గాలియు తేమయు చొరబడవలెను. అప్పుడు గాని అది పంట పండించు నేల కాజాలదు. కావున నాలుగు ఆవరణములు కలిసికొను స్థలము ఏదియనగా మట్టియే. ఒక అంగుళము మంచి మట్టి తయారగుటకు కొన్ని వందల సంవత్సరములు పట్టును. ఒక్క గట్టి వానకు, గట్టులేని వాలుచేనిలో అది కొట్టుకొని పోగలదు. తాతలు ఇచ్చినది అని మనము పొలమును గూర్చి చెప్పుకొందుము గాని, నిజమునకు ఆ మట్టిని తయారుచేసినవారు తాతలకంటె చాల పాతవారు.

ఇక నీరు. భూమిపైనున్న నీటిలో నూటికి 97 వంతులు ఉప్పునీరు. మిగిలిన మంచినీటిలో మూడింట రెండు వంతులకు పైగా ధ్రువప్రాంతములలోను, పర్వత శిఖరములమీదను మంచుగా గడ్డకట్టియున్నది. శేషించినదానిలో చాల భాగము భూగర్భమున ఉన్నది. నదులు, చెరువులు, వాగులు అన్నియు కలిపినను మంచినీటిలో నూటికి ఒక వంతు లేదు. మనము పోట్లాడుకొనునది ఆ ఒక వంతులోని తునక కొరకే.

అయితే వాన లెక్క వేసిచూచినచో ధైర్యము కలుగును. ఒక ఎకరముమీద ఒక సెంటీమీటరు వాన పడినచో 40 వేల లీటర్లకు పైగా నీరు కురిసినట్లు. నూరు ఎకరముల గుట్టవాలుపై ఐదు సెంటీమీటర్ల వాన పడెననుకొనుడు. రెండు కోట్ల లీటర్ల నీరు ఒక్క పూటలో దిగినది. అందులో చెట్టు, పొద, గడ్డి ఉన్న నేల కొంత నీటిని నిలిపి లోనికి దింపుకొనును. బోడినేల దాదాపు అంతయు వాగులోనికి త్రోసివేయును, దానితోబాటు తన మట్టిని కూడ. సభ్యులు తమ ఊరి పరీవాహక ప్రాంతము ఎన్ని ఎకరములో తెలిసికొని ఈ లెక్కను ఒకసారి కాగితముమీద వేసికొందురు గాక.

గాలిలో నూటికి 78 వంతులు నత్రజని, 21 వంతులు ప్రాణవాయువు. బొగ్గుపులుసు వాయువు నూటిలో ఒక వంతును రెండువేల ఐదువందల ముక్కలు చేయగా అందలి ఒక ముక్క కాదు, వంద ముక్కలు. ఈ లెక్క చదువరిని తికమక పెట్టునేమో. సులువుగా చెప్పవలెనన్న, గాలిని పదివేల బిందెలుగా కొలిచినచో అందు బొగ్గుపులుసు వాయువు నాలుగు బిందెలకు కొంచెము మించును. చూచుటకు స్వల్పమే. కాని ప్రపంచమునందలి ప్రతి ధాన్యపు గింజ, ప్రతి దుంగ, ప్రతి చేప దేహములోని బొగ్గు మూలకము దాదాపుగా ఆ నాలుగు బిందెలనుండి వచ్చినదే. మఱియొక సంగతి. రెండున్నర శతాబ్దముల క్రిందట అవి మూడు బిందెలకన్న తక్కువగా ఉండెను. బొగ్గు, చమురు కాల్చుటవలనను, అడవులు నరుకుటవలనను పెరిగినవి. ఈ వాయువు భూమినుండి వెడలు వేడిని పట్టి ఉంచును. గాలి ఒక డిగ్రీ వెచ్చనైనచో సుమారు నూటికి ఏడువంతులు ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఆ ఆవిరి దిగినప్పుడు కుండపోత వాన యగును. వెనుకటి తరములవారు తమ కాలపు వానలను చూచి నిర్మించిన అలుగులు నేటి కుండపోతలకు చాలునా యను ప్రశ్న ఇందులోనుండి పుట్టుచున్నది. ఇంజనీరు గారిని అడుగవలసిన ప్రశ్నలలో ఇది మొదటిది.

ఒకటి కదలినచో నాలుగును కదలును

ఆవరణముల పేర్లు కంఠస్థము చేయుట ముఖ్యము కాదు. వాని నడుమ జరుగు ఇచ్చిపుచ్చుకొనుటను గమనించుట ముఖ్యము. ఒక ఉదాహరణమును చివరివరకు తీసికొనిపోవుదము.

చెరువు పైనున్న గుట్ట బోడిగుట్ట అయినది. వంటచెరకుకో, పట్టా కొరకో, రాతి క్వారీకో, కారణము ఏదియైనను సరే. వానకు మట్టి కొట్టుకొని వచ్చి చెరువు అడుగున పూడికగా పేరుకొనెను. చెరువు విస్తీర్ణము అదియే యున్నది గాని లోతు తగ్గినది. మన ప్రాంతములలో ఎండకు, గాలికి ఏడాది పొడుగున ఇగురు నీటిని కొలిచినచో ఇంచుమించు మనిషి లోతు ఉండును. పది అడుగుల లోతుగల చెరువు ఆ నష్టమునకు ఓర్చుకొనును. నాలుగడుగుల చెరువు మాఘమాసము దాటకముందే నెరియలు విచ్చును. చెరువు నిండియున్న కాలములో దాని అడుగునుండి నీరు మెల్లమెల్లగా భూమిలోనికి ఇంకి, దిగువ బావులలో ఊట అగుచుండెను. ఇప్పుడు ఆ కాలము తగ్గినది. జిగురు పూడిక అడుగున పరచుకొనుటచేత ఇంకుట కూడ తగ్గినది. బావులు ఎండినవి. రైతులు బోర్లు దింపిరి. ఒకరు రెండువందల అడుగులు, మఱియొకరు నాలుగువందలు.

ఇచ్చట శిలావరణము మరల రంగములోనికి వచ్చును. గ్రానైటు ప్రాంతములలో భూమి పైపొరలోని చివికిన రాతిలో నీరు సమృద్ధిగా నిలుచును. దాని క్రింద గట్టిరాయి. అందులోని సన్నని చీలికలలో మాత్రమే నీరుండును. ఆ నీరు రాతితో చిరకాలము ఒరసికొని యుండుటచే రాతిలోని లవణములను తనలో కరిగించుకొనును. మన గ్రానైటులోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు కలదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని భారతీయ ప్రమాణము. అది మించినచో పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు వచ్చును. ఇంకను ఎక్కువయై ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు బిగిసి నడుము వంగిపోవును. భారతదేశమున ఈ వ్యాధిని మొట్టమొదట 1937లో గుర్తించినది మన తెలుగునేల మీదనే, అప్పటి నెల్లూరు జిల్లాలో. తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడి దేశమంతటను విన్పించినది. ఆ నీటినుండి ఫ్లోరైడును తొలగించుటకు నాగపూరులోని జాతీయ సంస్థవారు పటిక, సున్నములతో రూపొందించిన పద్ధతికి కూడ నల్లగొండ పేరే పెట్టిరి.

ఫ్లోరైడు ఉన్న ప్రతి ఊరిలోను చెరువు పూడుటయే కారణమని మేము చెప్పుట లేదు. రాయి స్వభావమే దానికి మూలము. కాని పైనుండి వాననీరు ఇంకుచున్నంతకాలము ఆ ఉప్పులు పలుచబడియుండుననియు, ఇంకుట తగ్గి బోర్లు లోతైనకొలది బెడద హెచ్చుచుండుననియు అనుభవమువలన తెలియుచున్నది. గుట్టమీద గొడ్డలి పడినప్పుడు పిల్లవాని పండ్లను గూర్చి ఎవ్వరు తలంతురు?

పూడికను గూర్చి మఱొక మాట. అది చెరువుకు శత్రువే గాని పొలమునకు కాదు. కొండమీది ఆకు అలములు, పశువుల పేడ, సన్నని బంకమన్ను అందులో చేరియుండును. మన పెద్దలు వేసవిలో చెరువుమన్ను బండ్లకెత్తి చెల్క పొలములకు తోలుకొనుట వట్టి ఆచారము కాదు. కొండనుండి జారినదానిని తిరిగి పొలమునకు చేర్చుటయే అది. ఎర్రనేలలో ఆ మన్ను కలిసినచో తేమ నిలుపుకొను శక్తి పెరుగును. 2015లో తెలంగాణములో చేపట్టిన మిషన్ కాకతీయ పనులలో ఈ పద్ధతికే పెద్దయెత్తున ప్రాణము పోసిరి. అయితే పూడిక తీయుట వేరు, అడుగున మొరము తేలువరకు గోతులు త్రవ్వి మట్టి అమ్ముకొనుట వేరు. రెండవదానిని చూచి మొదటిదని భ్రమపడరాదు.

జీవము యొక్క అమరిక

భూమికి ఆవరణములున్నట్లే, జీవమునకు అంతస్తులున్నవి. అన్నిటికన్న చిన్నది కణము. మనిషి శరీరమున సుమారు 30 లక్షల కోట్ల కణములున్నవని అంచనా. ఒకే పని చేయు కణములు గుంపుగూడి కణజాలము; కణజాలములు కలిసి అవయవము; అవయవములు కలిసి జీర్ణవ్యవస్థ, రక్తప్రసరణ వ్యవస్థ మొదలగునవి; అన్నియు కలిసి ఒక జీవి. ఇంతవరకు వైద్యుని రాజ్యము. జీవిని దాటిన తరువాతి అంతస్తులు పంచాయతీకి సంబంధించినవి. చెరువులోని కొఱ్ఱమీను లన్నియు కలిసి ఒక జనాభా. కొఱ్ఱమీనులు, బొచ్చెలు, కప్పలు, నత్తలు, తామరలు, తుంగ, నీటికాకులు అన్ని జనాభాలును కలిసి ఒక సముదాయము. ఆ సముదాయమునకు నీరు, బురద, ఎండ, గాలి చేర్చినచో అది ఆవరణ వ్యవస్థ. అట్టి వ్యవస్థలన్నియు కలిసినది జీవావరణము. కుటుంబము, వార్డు, గ్రామము, మండలము, జిల్లా అనునట్లుగా దీనిని జ్ఞాపకముంచుకొనవచ్చును. అయితే ఈ పోలిక ఒక్కచోట చెడును. చెరువునకు అధ్యక్షుడు లేడు, తీర్మానములు లేవు. ఎవరి పని వారు ఆకలివలన చేయుచుందురు.

ఆ పనుల విభజన యెంత చక్కనిదో చేపలు పెంచువారికి తెలియును. బొచ్చె నీటి పైపొరలో తిరుగుచు అచ్చటి సూక్ష్మజీవులను తినును. శీలావతి నడిమి పొరలో మేయును. ఎర్రమోసు అడుగున కుళ్లిన పదార్థమును ఏరుకొనును. ఒకే చెరువులో ఈ మూడింటిని కలిపి పెంచుటలోని రహస్యము ఇదియే. మూడు అంతస్తుల ఇంటిలో మూడు కుటుంబములు వేర్వేరు వంటలు వండుకొన్నట్లు, ఒకదాని తిండికి మఱొకటి అడ్డురాదు.

ఈ తిండి యంతయు మొదట ఎక్కడనుండి వచ్చును? ఆకుపచ్చని మొక్కనుండి, నీటిలోని పచ్చని నాచునుండి. అవి ఎండను పట్టుకొని, నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి ఆహారముగా మార్చి, ప్రాణవాయువును బయటికి విడుచును. అవి ఉత్పత్తిదారులు. నాచును తిను పురుగు, పురుగును తిను చేప, చేపను తిను కొంగ, వినియోగదారులు. చచ్చినదానిని కుళ్లబెట్టి తిరిగి మట్టికి, నీటికి చేర్చు సూక్ష్మజీవులు, బూజులు విచ్ఛిన్నకారులు. ఒక మెట్టునుండి పై మెట్టునకు చేరునది స్థూలముగా పదింట ఒక వంతు మాత్రమే. తక్కినది ఆ జీవి కదలుటకు, ఊపిరి తీయుటకు ఖర్చగును. అందుచేతనే చెరువులో నాచు పుట్లకొలదిగా, చేపలు మణుగుల కొలదిగా ఉండును. కొంగలను మాత్రము వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

నత్రజని కథ ఇంకను విచిత్రమైనది. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా అదియే యున్నను, వరిమొక్క దానిని నేరుగా పీల్చుకొనజాలదు. నిండుకుండ ప్రక్కన దాహముతో నిలిచినట్లుండును దాని స్థితి. జనుము, జీలుగ, పిల్లిపెసర వంటి మొక్కల వేళ్లపై చిన్న బుడిపెలుండును. వానిలో కాపురమున్న సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చును. పచ్చిరొట్ట దున్నుటవలన నేలకు చేరు బలము ఇదియే. యూరియా బస్తా కర్మాగారమున చేయు పనిని ఈ బుడిపె నిశ్శబ్దముగా, నిప్పు లేకుండ చేయుచున్నది.

చెరువుపై తగవు

ఒక గ్రామమున మేము స్వయముగా చూచిన సంగతి చెప్పుదుము. శ్రావణమాసము, మూడు దినములు వరుసగా ముసురు పట్టియున్నది. నాలవనాడు తెల్లవారకముందే చెరువులో పెద్ద పెద్ద చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచు, తెల్లవారునప్పటికి వందలకొలది వెల్లకిల పడినవి. వేలము పాడుకొన్నవారు, ఓడిపోయిన వర్గమువారే విషము కలిపిరని ఆరోపించిరి. కర్రలు లేచినవి. పోలీసు ఠాణాకు కబురు పోయినది. ఏండ్లుగా కలిసి బ్రతికిన రెండు వాడల నడుమ ఆ ఉదయము మాటలు తెగిపోయినవి.

ఒక ముసలి బెస్తవాడు మాత్రము గట్టుమీద కూర్చుండి మూడు సంగతులు చెప్పెను. చచ్చినవన్నియు పెద్ద చేపలు, పిల్లలు బ్రతికియున్నవి. కొఱ్ఱమీను ఒక్కటియు చావలేదు. కప్పలు, నత్తలు ఎప్పటివలెనే యున్నవి. "విషమైతే కొఱ్ఱమీనును విడిచిపెట్టునా, అయ్యా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు ఎవ్వరును బదులు చెప్పలేదు.

ఆయన శాస్త్రము చదువలేదు గాని శాస్త్రము ఆయన పక్షముననే యున్నది. పగలు నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి ఎండ లేదు గనుక విడుచుట ఆగి, నాచు కూడ చేపలతోబాటు దానిని పీల్చుకొనును. అందుచేత నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్న తక్కువగా ఉండునది తెల్లవారుజామున. మూడు దినములు ముసురు పట్టినచో పగటి సంపాదన తగ్గును, రాత్రి ఖర్చు తగ్గదు. ఊరి మురుగు, పొలముల ఎరువు కొట్టుకొని వచ్చి చెరువు పచ్చని చిక్కని గంజివలె మారియున్నచో ఆ ఖర్చు మఱింత హెచ్చును. పెద్ద చేపకు ఎక్కువ ప్రాణవాయువు కావలెను గనుక అది ముందు చచ్చును. కొఱ్ఱమీను నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలదు గనుక బ్రతుకును. అనగా ఆ చెరువులో జరిగినది హత్య కాదు, ఊపిరాడకపోవుట. దానికి విషము వేసినవారెవరో వెదకుట మాని, ఊరి మురుగుకాలువ ఎక్కడ కలియుచున్నదో చూడవలసియుండెను. ఇట్టి సందర్భములలో నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపుటయే సరియైన మార్గము. అయినను ఆ మూడు గుర్తులు తెలిసియున్నచో పరీక్షాఫలితము వచ్చులోపల ఎవరి తలయు పగులకుండ కాపాడవచ్చును.

మురుగు ఎక్కువైన చెరువులలో గుర్రపుడెక్క అల్లుకొనుట కూడ ఇందుకు చేరినదే. దక్షిణ అమెరికానుండి పూవు అందమునకై తెచ్చిన ఆ మొక్క ఇచ్చట తనను తినువారు లేక చెరువులను కప్పివేయుచున్నది. ఏరి గట్టుమీద వేసినంత మాత్రమున అది పోదు. దానిని పోషించు మురుగు ఆగవలెను.

సముదాయములో ఒక్కరు తప్పుకొన్నచో ఏమగునో రాబందులు మనకు నేర్పినవి. నలువది ఏండ్లు దాటిన ప్రతివారికి ఊరిబయట చచ్చిన గొడ్డుమీద వ్రాలిన రాబందుల గుంపు జ్ఞాపకముండును. 1990 తరువాత అవి నూటికి 95కు పైగా నశించినవి. కారణము చాలకాలము తెలియలేదు. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరములో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెడగొట్టుచున్నదని 2004లో బయటపడినది. 2006లో పశువులకు ఆ మందును మన దేశమున నిషేధించిరి. అట్టి హాని గల మరి రెండు మందులను 2023లో నిషేధించిరి. రాబందులు పోవుటతో కళేబరములు కుక్కల పాలైనవి. ఊరకుక్కలు పెరిగినవి, వానితోబాటు కుక్కకాట్ల భయము పెరిగినది. జీతము లేని పారిశుద్ధ్య సిబ్బంది ఒక్క తరములో రాజీనామా చేసినట్లయినది. మందు దుకాణములో పశువులకు ఏ మందు అమ్ముచున్నారో విచారించు హక్కు సభ్యునికి ఉన్నది. మెలాక్సికామ్ అను మందు పశువునకు పనిచేయును, రాబందునకు హాని చేయదు.

రాతిపై చెక్కిన పాఠము

ఈ విషయములన్నియు క్రొత్తగా కనిపెట్టినవని మేము గర్వింపబోము. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుగట్టు వద్ద క్రీ.శ. 1369 నాటి శాసనము కలదు. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. అందు మంచి చెరువుకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును చెప్పబడినవి. అంగములలో నీటి శాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, దూరమునుండి పారివచ్చు మంచినీటి ఏరు, విశాలమును లోతును గల గర్భము, సారవంతమైన దిగువ భూములు, నేర్పరులైన పనివారు ఉన్నారు. నాలుగు ఆవరణములును ఆ జాబితాలో దాగియున్నవి గదా! దోషములలో కట్టనుండి నీరు కారుట, చవుడు నేల, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువగుట, నీరు ఎక్కువై చోటు తక్కువగుట చెప్పబడినవి. వానిలో ఒక దోషము మమ్ములను ఆశ్చర్యపరచినది. చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట. నేడు రాజ్యముల స్థానమున రెండు పంచాయతీలని చదువుకొనవలెను. గొలుసుకట్టు చెరువులలో పైచెరువు అలుగునీరే క్రిందిచెరువుకు ఆధారము. పైయూరివారు అలుగు ఎత్తు పెంచుకొన్నచో క్రిందియూరు ఎండును. క్రిందియూరివారు వాగును పూడ్చి ఇండ్లు కట్టుకొన్నచో ఆ నీరు ఇండ్లలోనే నిలుచును.

పెద్ద తరహాలో దీనికి నిదర్శనము కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఆ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి వచ్చి చేరును; ఉప్పుటేరు ఒక్కటియే సముద్రమునకు దారి. దాని గర్భములో చేపల చెరువులు గట్లువేసికొని పెరుగగా, 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల జాబితాలో చేర్చిరి. 2006లో అనేక గట్లను తొలగించిరి. వలస పక్షుల కొరకే ఇదంతయు అని కొందరు పరిహసించిరి. పక్షులు నిలుచు చోటే వరదనీరు నిలుచు చోటు కూడ. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని అనేక పేటలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు, ఒక వాగు తన చోటును మరచిపోదని రాష్ట్రమంతయు చూచినది.

పంచాయతీ చేతిలోనున్నది

చట్టము కూడ ఈ శాస్త్రమును కొంతవరకు గుర్తించినది. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య పట్టికను తయారుచేయవలెను. అదే సంవత్సరమున ఉమ్మడి రాష్ట్రమున వచ్చిన, వాల్టా అని వ్యవహరింపబడు నీరు, భూమి, చెట్ల చట్టము బావులు, బోర్లు త్రవ్వుటను, చెట్లు నరకుటను అనుమతికి లోబరచినది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఊరుమ్మడి చెరువులు, భూములు ఆక్రమించినవారిని తొలగించుటకు ఏర్పాట్లు చేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. ఆయుధములు లేవని చెప్పుటకు వీలులేదు.

పట్టిక వ్రాయుటను గూర్చి మాత్రము కొంత చెప్పవలసియున్నది. చాలచోట్ల ఒక్కరు కార్యాలయమున కూర్చుండి, ప్రక్కయూరి పట్టికను చూచి నకలు చేసి, సంతకములు తీసికొని పంపుటయు జరుగుచున్నది. అట్టి పట్టికలో ఊరిలో లేని చెట్లు ఉండును, ఉన్న చెట్లు ఉండవు. దానికి బదులు వైశాఖ జ్యేష్ఠములలో, తొలకరికి ముందు, ఎగువ పంచాయతీ సభ్యులను కూడ పిలిచి వాగు వెంబడి గుట్టవరకు ఒక పూట నడచుట మేలు. పశువులకాపరిని, బెస్తవారిని, మందుమూలికలు ఎరిగిన ముసలమ్మను వెంట తీసికొనవలెను. వాగు ఎక్కడ ఇరుకైనది, ఎక్కడ మురుగు కలియుచున్నది, గుట్ట ఏ వైపున బోడియైనది, ఏ బావిలో నీరు ఎన్ని అడుగుల క్రిందనున్నది, ఇవన్నియు పట్టికలో చేరదగినవే. చేపల పేర్లు, గడ్డిజాతుల పేర్లు, పిట్టల పేర్లు ఊరిలో పిలుచుకొను విధముననే వ్రాయవలెను; శాస్త్రీయ నామములను పిదప కళాశాల అధ్యాపకులు చేర్తురు. ఇదివరకు ఉండి ఇప్పుడు కానరానివానికి వేరుగా ఒక పుట కేటాయించుట మంచిది. మేము చూచిన ఒక పట్టికలో ఆ పుటయే అన్నిటికన్న పొడవుగా ఉన్నది. దానిని చెప్పి వ్రాయించినది డెబ్బదియేండ్ల పైబడిన గొల్లపెద్ద. వ్రాసినది ఎనిమిదవ తరగతి చదువు ఆయన మనుమరాలు.